మన విశాఖలో వాన నీళ్లు నిలిచే చోట్ల మ్యాప్: లేయర్లు ఎలా పేర్చాలి

పదో తరగతి సోషల్ పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ గుర్తుందా? ఖాళీ పటం చేతికిచ్చేవారు. దాని మీద గోదావరి గీయాలి, తూర్పు కనుమలు చూపాలి, విశాఖపట్నం దగ్గర చుక్క పెట్టాలి. అన్నీ ఒకే కాగితం మీద పడేవి. నది వంకరపోయిందని రబ్బరుతో చెరిపితే పక్కనున్న చుక్క కూడా పోయేది.

మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ముందుగా తీర్చేది ఈ ఇబ్బందినే. నదులకి ఒక ట్రేసింగ్ పేపర్, కొండలకి ఒకటి, ఊళ్లకి ఇంకొకటి. వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి పైనుంచి చూస్తే పూర్తి మ్యాప్. ఏదైనా తప్పుగా ఉంటే ఆ ఒక్క కాగితం తీసి సరిదిద్దుకుంటాం, మిగతావి కదలవు. ఒక్కో కాగితమూ ఒక లేయర్.

ఊరికే చెప్పుకుంటే ఇది బుర్రకెక్కదు. అందుకని ఒక పని పెట్టుకుందాం. మీ కాలనీ చుట్టుపక్కల వానాకాలంలో నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయో మ్యాప్ చేద్దాం. విశాఖకి ఇంతకన్నా తగిన పాఠం నాకు తోచలేదు. ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క యారాడ కొండ, ఎదురుగా సముద్రం. కొండల మీద పడిన నీరు గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దిగి, పేటల మధ్య నుంచి పారి సముద్రం దారి పట్టాలి. ఫలానా వీధిలోనే మోకాలి లోతు ఎందుకు నిలుస్తుందో తెలియాలంటే కొండ, గెడ్డ, రోడ్డు, ఇల్లు నాలుగూ ఒకే చోట కనబడాలి. విడివిడిగా చూస్తే ఏదీ జవాబు చెప్పదు.

వాడబోయే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్. ఉచితం. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుని ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్న వలంటీర్లు నడుపుతున్నారు. డౌన్‌లోడ్ పేజీలో "లాంగ్ టర్మ్ రిలీజ్" అని ఉన్నదాన్నే తీసుకోండి, అది స్థిరంగా నడుస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదటి పని: ఒక ఫోల్డర్

సాఫ్ట్‌వేర్ తెరవకముందే "వాననీళ్లు" అని ఒక ఫోల్డర్ చేయండి. లోపల "డేటా" అని ఇంకొకటి. ఈ మ్యాప్‌కి సంబంధించిన ప్రతి ఫైలూ అందులోనే ఉండాలి. డెస్క్‌టాప్ మీద ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. లేయర్ అంటే డేటా కాదు. డేటా ఎక్కడో ఒక ఫైల్లో ఉంటుంది. లేయర్ దాన్ని చూసే కిటికీ మాత్రమే. ఆ ఫైలు ఎక్కడుంది, దాన్ని ఏ రంగులో గీయాలి, ఏ పేరు పక్కన రాయాలి... ఇంతే లేయర్‌కి తెలిసింది. మీరు సేవ్ చేసే ప్రాజెక్టు ఫైల్లో ఉండేది కూడా ఈ సమాచారమే. నేను మొదట్లో ఒక మిత్రుడికి ప్రాజెక్టు ఫైలు ఒక్కటే మెయిల్ చేశాను. వారం రోజుల కష్టం అది. ఆయన తెరిస్తే ఒక్క గీత కూడా కనబడలేదు, లేయర్లు దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ ఒక జాబితా చూపించింది. డేటా ఫైళ్లన్నీ నా దగ్గరే ఉండిపోయాయి మరి. ఆ రోజు నుంచి నాకు ఫోల్డర్ పంపడమే అలవాటు.

కిటికీ అనే మాట ఇంకో మంచి సంగతి కూడా చెబుతుంది. లేయర్ జాబితాలో ఒక లేయర్‌ని తీసేస్తే ఫైలు చెరిగిపోదు. కిటికీ మూశారంతే. కాబట్టి తీసేయడానికి భయపడక్కర్లేదు. అదే పెన్సిల్ బొమ్మ నొక్కి, ఎడిటింగ్‌లోకి వెళ్లి గీతలు చెరిపి సేవ్ చేస్తే మాత్రం అసలు ఫైలే మారిపోతుంది. ఈ తేడా మనసులో ఉంచుకోండి.

రెండో పని: అడుగున ఒక బొమ్మ

క్యూజీఐఎస్ తెరిచి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టండి. ఎడమవైపు బ్రౌజర్ ప్యానెల్లో "ఎక్స్‌వైజెడ్ టైల్స్" కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనం కలిసి గీసిన ఉచిత మ్యాప్) ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ప్రపంచ పటం వస్తుంది. జూమ్ చేసుకుంటూ విశాఖకి రండి. బీచ్ రోడ్డు, కైలాసగిరి, జాతీయ రహదారి 16, హార్బర్ కనబడతాయి.

చూడటానికి ఇందులోనే అన్నీ ఉన్నట్టుంటుంది. కానీ ఇది బొమ్మ. "ఈ గెడ్డ పొడవెంత?" అని దాన్ని అడగలేరు. గెడ్డ ఇక్కడ కొన్ని నీలం చుక్కలే, గెడ్డ అనే వస్తువుగా దానికి తెలియదు. మనం ఎక్కడున్నామో తెలియడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మూడో పని: గెడ్డల్ని రప్పించడం

ఇప్పుడు ప్రశ్నలు అడగదగిన లేయర్ కావాలి. "ప్లగిన్స్" మెనూలోకి వెళ్లి క్విక్‌ఓఎస్‌ఎమ్ అనే ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెనకున్న అసలు డేటాని అది తెచ్చిపెడుతుంది. మ్యాప్‌లో మీ కాలనీ, దాని పైనున్న కొండ, కింద సముద్రం దాకా కనబడేట్టు జూమ్ పెట్టుకోండి. ప్లగిన్ తెరిచి, "కీ" అన్న చోట "వాటర్‌వే" అని ఇంగ్లిష్‌లో రాసి, ప్రస్తుతం తెరపై ఉన్న మేరకే తెమ్మని చెప్పి రన్ చేయండి.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. అడిగింది ఒకటి, వచ్చేవి రెండో మూడో లేయర్లు. కారణం ఏమిటంటే ఇలాంటి లేయర్‌లో మామూలుగా ఒకే రకం ఆకారం ఉంటుంది. చుక్కలైతే చుక్కలే, గీతలైతే గీతలే, చుట్టూ మూసిన హద్దులైతే హద్దులే. బస్టాప్ చుక్క. గెడ్డ గీత. ముడసర్లోవ రిజర్వాయర్ హద్దు. మనకి గీతల లేయర్ చాలు, మిగతావి తీసేయండి.

ఆ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ అట్రిబ్యూట్ టేబుల్" నొక్కండి. పట్టిక వస్తుంది. ఒక్కో వరుస ఒక్కో గెడ్డ ముక్క. వరుస మొదట్లో ఉన్న నంబర్ మీద క్లిక్ చేస్తే మ్యాప్‌లో ఆ గీత పసుపు రంగులో వెలుగుతుంది. ఎక్సెల్ షీటులో ప్రతి వరుసకీ భూమ్మీద ఒక చోటు అంటించినట్టు అనుకోండి. లేయర్ అంటే నాకు మొదటిసారి అర్థమైంది ఈ పసుపు గీత చూసినప్పుడే.

ఈ లేయర్ ఇంకా తాత్కాలికమే. పేరు పక్కన చిన్న చిప్ బొమ్మ కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ మూస్తే పోతుంది. దీన్ని శాశ్వతంగా దాచే పని ఐదో పనిలో చేద్దాం.

గెడ్డల లేయర్ చూశాక మీకో అనుమానం రావాలి: ఇవేనా అన్నీ? కావు. పైన స్లాబు వేసి రోడ్డుగా మార్చిన గెడ్డల్ని మ్యాప్ గీసినవాళ్లు చూసి ఉండకపోవచ్చు. కానీ నీటికి తన పాత దారి గుర్తుంటుంది. మీ పేటలో ముప్పై నలభై ఏళ్లుగా ఉన్న పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. "ఇక్కడ చిన్నప్పుడు గెడ్డ ఉండేది బాబూ, అవతల చెరువులో కలిసేది" అని వేలు పెట్టి చూపిస్తారు. దాన్ని "పాతగెడ్డలు" అని వేరే లేయర్‌గా గీయండి. "లేయర్" మెనూలో "క్రియేట్ లేయర్" కింద కొత్త జియోప్యాకేజ్ (మ్యాప్ డేటా దాచే ఫైలు రకం) లేయర్ ఎంచుకుని, రకం "లైన్" అని పెట్టి, పెన్సిల్ నొక్కి గీత గీయడమే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వచ్చిన గెడ్డలతో దీన్ని కలపకండి. ఒకటి కంటితో చూసింది, ఒకటి చెప్పగా విన్నది. రెండూ విలువైనవే. అందుకే వేరుగా ఉండాలి.

నాలుగో పని: మీ సొంత చుక్కలు

ఫోన్ పట్టుకుని బయల్దేరండి. నీళ్లు నిలిచే ప్రతి చోటా నిలబడి, ఫోన్ మ్యాప్‌లో ఆ చోటుని వేలితో నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. 17తో మొదలయ్యేది అక్షాంశం, 83తో మొదలయ్యేది రేఖాంశం. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు రాసుకోండి. ఐదో అంకె దాదాపు ఒక మీటరు తేడా చెబుతుంది. ఫోన్ జీపీఎస్ అంత కచ్చితంగా ఉండదు, కానీ మన చేతిలో ఉన్నదాన్ని మనం తగ్గించుకోకూడదు కదా. నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్ల మధ్య నిలబడితే చుక్క పక్క వీధిలో పడే వీలుంది. అలాంటప్పుడు చుక్కని చేత్తో సరైన చోటికి జరిపాక అంకెలు రాసుకోండి.

ఇంటికొచ్చి ఎక్సెల్‌లో ఇలా నింపండి: చోటు పేరు, అక్షాంశం, రేఖాంశం, లోతు, ఎన్ని గంటలు నిలుస్తుంది, ఏ ఏడు, ఎవరు చెప్పారు. ఆ చివరిదానికి మనిషి పేరు వద్దు. "కిరాణా షాపు", "ఆటో స్టాండు" అంటే చాలు.

లోతు గడిలో అంకె ఒక్కటే ఉండాలి. "30 సెం.మీ." అని రాస్తే కంప్యూటర్ దాన్ని మాటగా తీసుకుంటుంది, అంకెగా కాదు. తర్వాత లోతుని బట్టి చుక్క సైజు మార్చుదామంటే కుదరదు. మరి జనం సెంటీమీటర్లలో చెప్పరు కదా! చీలమండ, మోకాలు, నడుము అంటారు. నిజాయితీగా చెప్పాలంటే అదే మంచి కొలత. అందుకని రెండు నిలువు వరుసలు పెట్టండి. ఒకదాంట్లో వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు, రెండోదాంట్లో మీ అంచనా అంకె. "ఏ ఏడు" వరుస కూడా మానకండి. చాలామంది చెప్పే లోతు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజుది అయ్యుంటుంది. ఆ రోజునీ మామూలు వానాకాలాన్నీ కలిపేస్తే మ్యాప్ అబద్ధం చెబుతుంది.

సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్న రకం ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి.

ఇప్పుడు క్యూజీఐఎస్‌లో "లేయర్" మెనూ, "యాడ్ లేయర్", "యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్". ఫైలు చూపించండి. "ఎక్స్ ఫీల్డ్" దగ్గర రేఖాంశం, "వై ఫీల్డ్" దగ్గర అక్షాంశం పెట్టండి. ఇదే అందరూ తడబడే చోటు. ఫోన్ అక్షాంశాన్ని ముందు చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్ రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. తారుమారైతే మీ వీధి చుక్కలు ఉత్తర ధ్రువం దగ్గర, స్వాల్‌బార్డ్ దీవులకి పైనున్న మంచు సముద్రంలో పడతాయి. నా మొదటి చుక్కలన్నీ అక్కడే తేలాయి. గంటసేపు టెన్షన్ పడ్డాను, డేటా పాడైందేమో అని. పాడవలేదు, రెండు గడులు అటూ ఇటూ అయ్యాయంతే. చుక్కలు కనబడకపోతే లేయర్ మీద రైట్ క్లిక్ చేసి "జూమ్ టు లేయర్" నొక్కండి. ఎక్కడికి తీసుకెళ్తుందో చూస్తే తప్పేమిటో తెలిసిపోతుంది.

కింద "జామెట్రీ సీఆర్‌ఎస్" అన్న గడిలో ఈపీఎస్‌జీ 4326 ఉందో లేదో చూసి "యాడ్" నొక్కండి.

ఐదో పని: అన్నిటికీ ఒకే కొలబద్ద

ఆ 4326 ఏమిటో తెలియకుండానే చాలామంది పని కానిచ్చేస్తారు. మ్యాప్ బాగానే కనబడుతుంది. దూరం కొలిచేటప్పుడు గానీ చిక్కు బయటపడదు.

ట్రేసింగ్ పేపర్లు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలంటే అన్నిటి గళ్లూ ఒకటే కావాలి కదా. ఆ గళ్ల లెక్కనే సీఆర్‌ఎస్ అంటారు. ఒక్కో లెక్కకీ ఒక్కో నంబర్ ఉంటుంది. మనకి కావలసినవి మూడే.

4326 అంటే అక్షాంశ రేఖాంశాలు, అంటే డిగ్రీలు. ఫోన్ ఇచ్చేవి ఇవే. 3857 అన్నది వెబ్ మ్యాప్‌ల లెక్క. రెండో పనిలో తెచ్చిన బొమ్మ ఇందులో ఉంటుంది. 32644 అన్నది యూటీఎమ్ 44వ ఉత్తర జోన్. తూర్పు రేఖాంశం 78 నుంచి 84 డిగ్రీల దాకా దీని పరిధి కాబట్టి విశాఖ ఇందులోకే వస్తుంది. ఇక్కడ లెక్క మీటర్లలో.

డిగ్రీలతో ఇబ్బంది ఏమిటంటే డిగ్రీ దూరం కాదు, కోణం. విశాఖ దగ్గర ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ 110 కిలోమీటర్ల పైచిలుకు, తూర్పు పడమరలుగా దాదాపు 106. గెడ్డకి 50 మీటర్ల లోపు ఏమున్నాయని 4326 లేయర్‌ని అడిగితే అది 50 డిగ్రీలు అనుకుంటుంది. ఆసియాలో సగం పైనే చుట్టేస్తుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనబడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. 3857తోనే అసలు ప్రమాదం. అది మీటర్లు అని చెబుతుంది, కానీ భూమధ్యరేఖకి దూరం జరిగేకొద్దీ సాగదీస్తుంది. మన అక్షాంశం దగ్గర దాదాపు 5 శాతం సాగుతుంది. 500 మీటర్లు అని మీరు గీసిన హద్దు నేల మీద 476 మీటర్లే ఉంటుంది. ఎవరికీ అనుమానం కూడా రాదు.

అందుకని కొలతలు చేసే ప్రతి లేయర్‌నీ 32644లోకి మార్చండి. లేయర్ మీద రైట్ క్లిక్, "ఎక్స్‌పోర్ట్", "సేవ్ ఫీచర్స్ యాజ్". ఫార్మాట్ జియోప్యాకేజ్, సీఆర్‌ఎస్ 32644, చోటు మీ "డేటా" ఫోల్డర్. గెడ్డల లేయర్, పాతగెడ్డల లేయర్, మీ చుక్కల లేయర్ మూడింటికీ ఇలా చేశాక పాతవి జాబితాలోంచి తీసేయండి. ఇప్పుడు చుక్కల అంకెలు 7 లక్షల పైచిలుకు, 19 లక్షల పైచిలుకు ఉంటాయి. ఖంగారు పడకండి, అవి మీటర్లే. తెరకి కుడివైపు అడుగున ప్రాజెక్టు నంబర్ కనబడుతుంది, దాని మీద నొక్కి అక్కడా 32644 పెట్టండి.

అదే రైట్ క్లిక్ మెనూలో "సెట్ లేయర్ సీఆర్‌ఎస్" అని ఇంకొకటి ఊరిస్తుంటుంది. దాన్ని ముట్టుకోకండి. అది అంకెల్ని మార్చదు, వాటి మీద చీటీ మాత్రం మారుస్తుంది. పంచదార డబ్బా మీద ఉప్పు అని రాసినంత మాత్రాన లోపలిది ఉప్పు కాదు కదా. చీటీ తప్పుగా ఉందని మీకు కచ్చితంగా తెలిసినప్పుడే దాంతో పని.

షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్ కూడా మీకు ఎదురవుతుంది. అది పేరుకి ఒక ఫైలు, నిజానికి నాలుగైదు ఫైళ్ల గుంపు. అందులో పీఆర్‌జే అన్న చిన్న ఫైల్లోనే ఈ చీటీ ఉంటుంది. ఎవరైనా ఎస్‌హెచ్‌పీ ఫైలు ఒక్కటే వాట్సాప్‌లో పంపితే పని జరగదు, గుంపంతా జిప్ చేసి పంపమనండి. పైగా అందులో నిలువు వరుస పేరు పది అక్షరాలు దాటకూడదు. కొత్తగా చేసేదేదైనా జియోప్యాకేజ్‌లోనే చేయమని నా సలహా. ఎన్ని లేయర్లున్నా ఒక్క ఫైలే.

ఆరో పని: కొండల ఎత్తు

ఇది వేరే జాతి లేయర్. ఇందులో చుక్కలూ గీతలూ ఉండవు. గళ్ల నోటుబుక్కులా నేలంతా గడులు, ప్రతి గడిలో ఒక అంకె. ఆ అంకె అక్కడి ఎత్తు. దీన్ని రాస్టర్ అంటారు.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో భూమిని కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎమ్ అనే ఆ డేటా ఉచితం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఖాతా తెరిచి తీసుకోవచ్చు. ఒక్కో ముక్క ఒక డిగ్రీ వెడల్పు, ఒక డిగ్రీ పొడవు. మన ముక్క పేరు ఎన్17 ఈ083. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఎత్తుల డేటా కూడా దొరుకుతుంది.

ఫైలుని తెరపైకి లాగి వదలండి. "రాస్టర్" మెనూలో "ప్రొజెక్షన్స్" కింద "వార్ప్" తో దీన్నీ 32644లోకి మార్చండి. ఆ తర్వాతే "అనాలిసిస్" కింద "హిల్‌షేడ్" నడపండి. మార్చకుండా నడిపితే అడ్డం డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉండి కొండలన్నీ నల్లటి ముద్దల్లా వస్తాయి. సరిగ్గా చేస్తే కంబాలకొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ వెలుగునీడలతో పైకి లేస్తాయి. సింహాచలం కొండల వాలు ఎటుందో, నీరు ఎటు జారుతుందో కంటికి తెలిసిపోతుంది.

ఒక్క హద్దు మాత్రం మరవకండి. ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. మీ వీధి వెడల్పు అంతుండదు. పైగా రాడార్ చూసింది చాలాచోట్ల చెట్ల తలలూ డాబాల కప్పులూ కలిసిన ఎత్తుని. కాబట్టి కొండ ఎటు, పల్లం ఎటు అన్నది ఈ లేయర్ చెబుతుంది. మీ గేటు ముందున్న గుంట గురించి చెప్పలేదు. దానికి మీ చుక్కలే సాక్ష్యం.

ఏడో పని: పైనా కిందా

జాబితాలో పైనున్న లేయర్ మ్యాప్‌లోనూ పైనే గీయబడుతుంది. మౌస్‌తో లాగి ఇలా పెట్టండి: అన్నిటికన్నా పైన చుక్కలు, వాటి కింద గెడ్డలు, ఆ కింద హిల్‌షేడ్, అట్టడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బొమ్మ. హిల్‌షేడ్ బొమ్మని కప్పేస్తుంది కాబట్టి దాని ప్రాపర్టీస్‌లో "సింబాలజీ" కి వెళ్లి "బ్లెండింగ్ మోడ్" ని "మల్టిప్లై" చేయండి. నీడలు మాత్రమే బొమ్మ మీద పడతాయి.

చుక్కల లేయర్‌కి "గ్రాడ్యుయేటెడ్" ఎంచుకుని లోతుని బట్టి సైజు మార్చండి. మూడు సైజులు చాలు. అందరికీ తెలిసిన చీలమండ, మోకాలు, నడుము.

ఎనిమిదో పని: లేయర్ల మధ్య మాట్లాడించడం

ఇంతసేపూ పేర్చింది దీనికోసమే.

"ప్రాసెసింగ్ టూల్‌బాక్స్" తెరిచి "జాయిన్ అట్రిబ్యూట్స్ బై నియరెస్ట్" వెతకండి. మొదటి లేయర్ చుక్కలు, రెండోది గెడ్డలు. ఫలితంలో ప్రతి చుక్క పక్కనా అతి దగ్గరి గెడ్డ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కొత్త వరుసలో వస్తుంది. ఇదే పని పాతగెడ్డలతో ఇంకోసారి చేయండి. తర్వాత "శాంపిల్ రాస్టర్ వాల్యూస్" తో ప్రతి చుక్కకీ ఎత్తు తెచ్చుకోండి. దానికి హిల్‌షేడ్‌ని ఇవ్వకండి, అందులో ఉండేవి వెలుగునీడల అంకెలు. వార్ప్ చేసిన ఎత్తుల లేయర్‌నే ఇవ్వాలి.

ఇప్పుడు పట్టిక చదవండి. పైకి కనబడే గెడ్డకి దగ్గరగా ఉన్న చుక్కల్లో గెడ్డ పొంగుతోందేమో చూడాలి. పైకి కనబడే గెడ్డకి దూరంగా, పాతగెడ్డ గీత మీదే ఉన్న చుక్కలుంటే పెద్దవాళ్ల మాటకి ఆధారం దొరికినట్టే. రెంటికీ దూరంగా, కాస్త మెరక మీద ఉండి కూడా నీళ్లు నిలుస్తున్నాయంటే అక్కడ కాలువ పూడుకుపోయిందా, కొత్త రోడ్డు ఎత్తు పెరిగిందా అన్నది వెళ్లి చూడాల్సిందే. ఏ ఇంటికి వెళ్లాలో మ్యాప్ చెప్పింది, తలుపు తట్టడం మన పని.

వార్డుల హద్దుల లేయర్ మీకు దొరికితే "కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగన్" తో వార్డుకెన్ని చోట్లో లెక్క వస్తుంది. జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) 98 వార్డులున్నాయి. మీ నాలుగు వీధుల చుక్కలతో ఊరంతటినీ పోల్చకండి. మీరు తిరగని వార్డులో సున్నా రావడానికి కారణం అక్కడ నీళ్లు నిలవకపోవడం కాదు, మీరు వెళ్లకపోవడం.

ఈ ఫలితాల లేయర్లన్నీ తాత్కాలికమే. చిప్ బొమ్మ మీద నొక్కి ఒక్కోదాన్నీ "డేటా" ఫోల్డర్లో జియోప్యాకేజ్‌గా సేవ్ చేయండి. తర్వాత కంట్రోల్ ఎస్.

తొమ్మిదో పని: కాగితం మీదికి

కార్పొరేటర్‌కో, వార్డు సచివాలయానికో ఇవ్వాలంటే కాగితమే మేలు. "ప్రాజెక్టు" మెనూలో "న్యూ ప్రింట్ లేఅవుట్". మ్యాప్, స్కేలు, ఉత్తర దిక్కు బాణం, చుక్కల అర్థం పెట్టండి. డేటా ఏ తేదీల మధ్య సేకరించారో రాయండి. కింద "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్" అని తప్పక ఉండాలి. వాళ్ల డేటా వాడినందుకు లైసెన్స్ కోరేది అదే. ఆ గీతలు గీసినవాళ్లు కూడా మనలాంటివాళ్లే.

మళ్లీ వాన పడినప్పుడు కొత్త చుక్కలు వస్తాయి. వాటిని పాత సీఎస్‌వీలో రాస్తే మ్యాప్‌లోకి రావు. ఐదో పనిలో మీరు చేసుకున్న జియోప్యాకేజ్ వేరే ప్రతి కదా. ఇక మీదట దాన్నే అసలుగా పెట్టుకుని, పెన్సిల్ నొక్కి అందులోనే చేర్చండి. ఏడు మార్చడం మరవకండి.